రాయచూరు 1520: రాయలవారిని గెలిపించింది పోర్చుగీసు తుపాకులేనా?

కడప_పాఠకుడు:
అందరికీ నమస్కారం. మొన్న ఒక వీడియో చూశాను, అప్పటి నుంచి అదే బుర్రలో తిరుగుతోంది. 1520లో రాయచూరు కోటను కృష్ణదేవరాయలు సొంతంగా గెలవలేదట, గెలిపించింది ఇరవై మంది పోర్చుగీసు తుపాకీవాళ్ళట, వాళ్ళే లేకపోతే మూడు నెలలు కోట చుట్టూ తిరిగి హంపీకి తిరుగుముఖం పట్టేవారట. కింద కామెంట్లలో సగం మంది అవునంటున్నారు, సగం మంది బూతులు తిడుతున్నారు, అసలు ఏం జరిగిందో మొదటి నుంచి చివరిదాకా చెప్పినవాళ్ళు ఒక్కరు కూడా కనిపించలేదు. ఇక్కడ చదివినవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను, ఆ మాటలో నిజమెంత?

చరిత్ర_టీచర్:
ఇరవై మంది ఉన్న మాట నిజమేనండి. కానీ ఎప్పుడు వచ్చారన్నది ఆ వీడియోవాళ్ళు మింగేశారు. రాయచూరంటే ఒక్క యుద్ధం కాదు. మొదట కోట ముట్టడి, మధ్యలో దాన్ని వదిలి కృష్ణ ఒడ్డుకి వెళ్ళి బీజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్ షాతో మైదానంలో పోరు, అది గెలిచాక మళ్ళీ వెనక్కి వచ్చి ముట్టడి. క్రిస్టొవావో ఫిగురెడో అనే పోర్చుగీసు ఆయన ఇరవై మంది తుపాకీవాళ్ళతో చేరింది ఆ చివరి దశలో. అప్పటికి ఆదిల్ షా ఏనుగెక్కి నది దాటి పారిపోయాడు, కోటలో ఉన్నవాళ్ళని కాపాడడానికి వచ్చే సైన్యం అంటూ ఏదీ మిగల్లేదు. అసలు గండం గడిచిపోయాక వచ్చినవాళ్ళకి గెలుపంతా కట్టబెట్టడం ఏం న్యాయం?

ఫిరంగి_1565:
టీచర్ గారూ, ఒప్పుకుంటాను గానీ, వాళ్ళు చేసిన పని కూడా చిన్నది కాదు. కోటలోపల 8,000 మంది కాల్బలం, 400 గుర్రాలు, 20 ఏనుగులు, గోడల మీద చిన్నవి కాకుండానే 200 పెద్ద ఫిరంగులు ఉన్నాయని అప్పట్లో హంపీకి వచ్చిన పోర్చుగీసు వ్యాపారి న్యూనిజ్ రాశాడు, రాళ్ళు విసిరే యంత్రాలు ఇంకో 30. బయట రాయలవారి మనుషులు ఏం పట్టుకుని గోడ మీదకి వెళ్ళారో తెలుసా? గునపాలు, పలుగులు! ఫిరంగులతో గోడ పగలగొట్టే పద్ధతి ఇంకా వీళ్ళ చేతికి రాలేదు. గోడలో ఒక రాయి పెకలించి తెస్తే దాని సైజుని బట్టి 10, 20, 30, 40, 50 ఫణాల (అప్పటి చిన్న నాణేలు) దాకా దళపతులు అక్కడికక్కడే డబ్బు ఇచ్చేవాళ్ళు. పైనుంచి గుండ్లు, బాణాలు, రాళ్ళు పడుతుంటే కింద గోడకి అతుక్కుని రాయి తవ్వుతున్న కూలీని ఒక్కసారి ఊహించుకోండి. అక్కడికి ఈ ఇరవై మంది వచ్చి, గోడ మీద భయం లేకుండా తిరుగుతున్నవాళ్ళని గురి చూసి కొట్టడం మొదలుపెట్టారు. పైవాళ్ళు ఆ మొదటి గోడ వదిలేసి వెనక్కి తగ్గారు, కిందవాళ్ళు తీరిగ్గా తవ్వుకున్నారు. చివరికి కోట అధిపతి ఏం జరుగుతోందో చూద్దామని తల బయటికి పెడితే నుదుటి మీద తూటా తగిలింది, దాంతో లోపలివాళ్ళ గుండె జారింది, తలుపులు తీసేశారు. ఇది తుపాకీ పనే కదా.

చరిత్ర_టీచర్:
కాదనలేదండి. ముట్టడి త్వరగా ముగియడంలో వాళ్ళ చెయ్యి ఉంది. "వాళ్ళు లేకపోతే రాయలవారు ఓడిపోయేవారు" అనే మాటకే నా అభ్యంతరం. ఇంకో సంగతి మర్చిపోకండి, ఈ కథ మనకి చెప్పింది పోర్చుగీసువాళ్ళే. ఫెర్నావో న్యూనిజ్ గుర్రాల వ్యాపారి, హంపీలో ఉన్నది 1535 ప్రాంతంలో, అంటే యుద్ధం అయిన పదిహేనేళ్ళకి. యుద్ధం తన కళ్ళతో చూడలేదు. ఫిగురెడో గురించి అంత వివరంగా రాశాడంటే ఆయన గానీ, ఆయనతో ఉన్నవాళ్ళు గానీ చెప్పిందే రాసి ఉంటాడు. తమవాళ్ళ గురించి తాము చెప్పుకునేటప్పుడు కాస్త ఎక్కువే చెప్పుకుంటారు, ఎవరైనా అంతే.

తుంగభద్ర_గట్టు:
నాకు కొత్తగా అనిపించింది ఏంటంటే, ఆదిల్ షా వైపు కూడా పోర్చుగీసువాళ్ళున్నారు! సలాబత్ ఖాన్ అనే సేనాపతి కింద 500 మంది పోర్చుగీసు ఫిరాయింపుదారులు పోరాడారని అదే న్యూనిజ్ రాశాడు. ఆ సలాబత్ ఖాన్ చివరిదాకా నిలబడి పట్టుబడ్డాడు. మరి పోర్చుగీసు చెయ్యి తగిలితే గెలుపే అయితే 500 మంది ఉన్న పక్షం ఎందుకు ఓడింది, 20 మంది ఉన్న పక్షం ఎందుకు గెలిచింది? ఆ వీడియో చేసినాయన్ని ఎవరైనా ఇది అడగండి.

కడప_పాఠకుడు:
ఈ 500 సంగతి నిజంగా తెలియదు నాకు. మైదానంలో యుద్ధం ఎలా జరిగిందో కాస్త వివరంగా చెప్తారా ఎవరైనా? తరగతి పుస్తకంలో "రాయచూరు యుద్ధం, 1520, కృష్ణదేవరాయల విజయం" అని ఒక్క లైన్ చదివి వదిలేసినవాళ్ళం.

ఫిరంగి_1565:
చెప్తాను, ఇది నాకు బాగా ఇష్టమైన భాగం. ముట్టడి మొదలై మూడు నెలలు దాటింది. ఇస్మాయిల్ ఆదిల్ షా పెద్ద సేనతో కృష్ణకి అవతలి ఒడ్డుకి వచ్చాడు. న్యూనిజ్ లెక్కలో 18,000 గుర్రాలు, 1,20,000 కాల్బలం, 150 ఏనుగులు. నది దాటి ఇవతలికి వచ్చి, వెనక నది, చుట్టూ కందకం, ముందు వరుసగా ఫిరంగులు పెట్టుకుని కూర్చున్నాడు. అతని ధీమా అంతా ఆ ఫిరంగుల మీదే. రాయలవారికి శుక్రవారం మంచిది కాదని మంత్రులు చెప్పారు, శనివారం తెల్లవారుతుండగా దాడికి దిగారు.

ముందు వరుస దళాలు ఒక్కసారిగా వెళ్ళి కందకం దాకా చొచ్చుకుపోయాయి. అప్పుడు ఆదిల్ షా మొత్తం ఫిరంగుల్ని ఒకేసారి పేల్పించాడు. దగ్గరగా గుంపుగా ఉన్న సైన్యం మీద అంత ఫైరింగ్ పడితే ఏమవుతుంది? ముందు వరుస చెదిరింది, వెనక్కి తిరిగింది. బీజాపూరు గుర్రపు దళం కందకం దాటి బయటికి వచ్చి తరుముకుంటూ అర లీగు దూరం నరుక్కుంటూ పోయింది. యుద్ధం అక్కడితో అయిపోయినట్టే. రాయలవారు రెండో వరుసలో ఉన్నారు. తన వేలి ఉంగరం తీసి ఒక సేవకుడికి ఇచ్చి, నేను పోతే ఇది రాణులకి చూపించు, వాళ్ళు సహగమనం చేస్తారు అని చెప్పి, ఆదిల్ షా నన్ను గెలిచానని చెప్పుకోకూడదు అంటూ గుర్రమెక్కి మిగిలిన దళాలతో ముందుకి కదిలారని న్యూనిజ్ రాస్తాడు. పారిపోయి వచ్చేవాళ్ళు మనవాళ్ళైనా సరే నరికెయ్యమని ఆజ్ఞ ఇచ్చారట. ముందు కత్తి, వెనక కత్తి. దాంతో పారిపోతున్నవాళ్ళూ వెనక్కి తిరిగారు.

అసలు కీలకం ఇక్కడుంది. తరుముతూ వచ్చిన బీజాపూరు గుర్రాలు వరుస తప్పి చెల్లాచెదురుగా ఉన్నాయి, వాళ్ళ ఫిరంగులు వెనక కందకం దగ్గరే ఉండిపోయాయి, ఒకసారి పేలిన పెద్ద ఫిరంగిని మళ్ళీ శుభ్రం చేసి మందు కూరి గుండు పెట్టేసరికి ఎంత టైమ్ పడుతుందో ఆలోచించండి, పైగా ఇప్పుడు పేలిస్తే ముందున్న సొంతవాళ్ళకే తగులుతుంది. ఆ సందులో రాయలవారి అశ్వదళం వచ్చి పడింది. కందకం దాకా, అక్కడి నుంచి శిబిరంలోకి, శిబిరం నుంచి నదిలోకి తోసుకుంటూ పోయారు. భద్రత అనుకుని వెనక పెట్టుకున్న నదే వాళ్ళకి మృత్యువైంది. ఆ రోజు నదిలో పోయినవాళ్ళకి లెక్క లేదు.

నాణేల_సంచి:
చివర్లో రాయలవారే ఆపించారు కదా తరమడం. ఇంతమంది తప్పు చేయనివాళ్ళు చచ్చిపోతున్నారు, చాలు అన్నారని ఉంది. తర్వాత ఆదిల్ షా గుడారంలోకి వెళ్ళి కూర్చున్నారు. దొరికిన సొత్తు: 4,000 గుర్రాలు, 100 ఏనుగులు, 400 పెద్ద ఫిరంగులు, చిన్నవి లెక్కలేనన్ని, 900 ఫిరంగి బండ్లు. రాయలవారి వైపు 16,000 మందికి పైగా చనిపోయారు, అందరికీ దహనాలు చేయించారు. గెలిచిన పక్షంలోనే 16,000 శవాలు. ఎవరూ ఈ సంఖ్య దగ్గర ఆగరు, కేరింతలు కొట్టి వెళ్ళిపోతారు.

డాలస్_తెలుగు:
సంఖ్యల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. రాయలవారి సైన్యం 7,03,000 కాల్బలం, 32,600 గుర్రాలు, 551 ఏనుగులు అంటాడు న్యూనిజ్. ఏడు లక్షల మందికి మూడు నెలలు తిండి, నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి? అదీ రాయచూరు ఎండల్లో? లాజిక్ దొరకడం లేదు.

నాణేల_సంచి:
ఏడు లక్షలు నేనూ నమ్మను. నా ఉద్దేశం, అది ఒక్కో నాయకుడు ఇవ్వాల్సిన సైన్యం కాగితం లెక్క. అతను ఇచ్చిన పద్దు చూడండి: కామ నాయకుడికి 30,000 కాల్బలం, 1,000 గుర్రాలు, 16 ఏనుగులు, తిమ్మప్ప నాయకుడికి 60,000, 3,500, 30, ఇలా అన్నీ గుండ్రటి సంఖ్యలే. అమరం కింద భూమి ఇచ్చినందుకు నువ్వు ఇంత సైన్యం తేవాలి అని రాసుకున్న పద్దు లాగే ఉంటుంది తప్ప శిబిరంలో తలలు లెక్కపెట్టినట్టు ఉండదు. దోపిడీ సొత్తు లెక్క వేరు, గుర్రాలూ ఫిరంగులూ పంచుకునేవి కాబట్టి ఎవరో ఒకరు నిజంగా లెక్కపెట్టి ఉంటారు.

కానీ నీళ్ళ గురించి న్యూనిజ్ ఒక చక్కటి సంగతి రాశాడు. నీళ్ళ తిత్తులు మోసేవాళ్ళు పది పన్నెండు వేల మంది దారి పొడుగునా నిలబడి, దాహంతో ఎవరూ పడిపోకుండా నడిచే సైనికులకి నీళ్ళు పోసేవాళ్ళట. చాకళ్ళు, వర్తకులు, శిబిరంలో వీధులు, బజారు, నగలమ్మేవాళ్ళు కూడా. పట్నాన్నే ఎత్తి తెచ్చుకున్నట్టు. ఏడు లక్షలు కాకపోయినా చాలా పెద్ద జనమే.

తుంగభద్ర_గట్టు:
యుద్ధానికి కారణం కూడా చెప్పుకోవాలి. సయ్యద్ మరక్కార్ అనే వర్తకుడికి 40,000 వరహాలు ఇచ్చి గోవాలో గుర్రాలు కొని తెమ్మని పంపారు రాయలవారు. ఆ డబ్బుతో అతను ఆదిల్ షా దగ్గర చేరిపోయాడు. అప్పగించమంటే ఆదిల్ షా అప్పగించకపోగా దాభోల్ రేవు ఇచ్చాడు. ఇది పైకి కనిపించే కారణం. లోపలిది ఇంకా పాతది. కృష్ణ, తుంగభద్రల మధ్య ఆ నేల కోసం బహమనీల కాలం నుంచి కొట్టుకుంటూనే ఉన్నారు. అంతకుముందు విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహుడు చనిపోతూ రాయచూరు, ఉదయగిరి, కొండవీడు, ఈ మూడు కోటలు పట్టాలని చెప్పి పోయాడట. ఉదయగిరి 1514లో, కొండవీడు 1515లో గజపతుల దగ్గర్నుంచి తీసుకున్నారు. మిగిలింది రాయచూరు. మరక్కార్ డబ్బు ఎగ్గొట్టకపోయినా ఈ యుద్ధం వచ్చేదే అని నా నమ్మకం.

చరిత్ర_టీచర్:
గుర్రాల మాట తీసుకొచ్చారు, దాన్ని వదలకండి. ఆ రోజు మైదానంలో ఆట తిప్పింది అశ్వదళం. మన దక్కనులో మంచి గుర్రం పుట్టదు, అరేబియా, పారశీకం నుంచి ఓడల్లో రావాలి. 1510లో పోర్చుగీసువాళ్ళు గోవాని బీజాపూరు చేతుల్లోంచి లాక్కున్నాక ఆ రేవు తాళం వాళ్ళ దగ్గర పడింది. ఫిగురెడో కూడా హంపీకి వచ్చింది గుర్రాలు అమ్ముకోవడానికే. రాయలవారు ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో రాజనీతి చెబుతూ, ఏనుగులూ మంచి గుర్రాలూ తెచ్చే దూరదేశపు వర్తకులకి ఊళ్ళు, పట్నంలో మంచి ఇళ్ళు ఇచ్చి, రోజూ కొలువులో ఆదరించి, లాభం ఉండేలా కొని, ఆ జంతువులు శత్రువులకి చేరకుండా చూసుకోమంటారు. అది పుస్తకంలో నీతి కాదు, పాలించినవాడి అనుభవం. పోర్చుగీసువాళ్ళ వల్ల రాయలవారికి మేలు జరిగిందా అంటే జరిగింది, కానీ ఇరవై తుపాకుల వల్ల కాదు, ఏళ్ళ తరబడి వచ్చిన గుర్రాల వల్ల. వాళ్ళేమీ ఊరికే ఇవ్వలేదు, రొక్కం పోసి కొన్నాం. పైగా ఆదిల్ షా ఇక్కడ దెబ్బ తిన్న సందులో గోవా ఎదురుగా ఉన్న ప్రధాన భూభాగాన్ని పోర్చుగీసువాళ్ళు ఆక్రమించుకున్నారు. అసలు లాభం వాళ్ళకే దక్కింది.

కడప_పాఠకుడు:
ఫెరిష్టా వేరేగా చెప్పాడని ఎక్కడో చదివాను, నిజమేనా?

నాణేల_సంచి:
చాలా వేరు. ఫెరిష్టా బీజాపూరు కొలువులో కూర్చుని తర్వాతి తరాల్లో రాసినవాడు. ఆయన ప్రకారం రాయచూరు, ముద్గల్ కోటలు అప్పటికే రాయలవారి చేతిలో ఉన్నాయి, వాటిని తిరిగి తెచ్చుకోవడానికి ఇస్మాయిల్ వచ్చాడు. నది ఒడ్డున శిబిరంలో మద్యం తాగి, ఆ ఊపులో తెప్పలు సరిపడా లేకుండానే ఏనుగెక్కి నది దాటేశాడు, కొద్దిమందే అవతలికి చేరారు, ఓడిపోయారు, వెనక్కి వస్తూ మునిగిపోయారు. రాయచూరు మళ్ళీ తీసుకునేదాకా మద్యం ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడట. ఓటమిని ఒక రాత్రి తాగుడు మీదకి నెట్టేస్తే 400 ఫిరంగులు పోగొట్టుకున్న సంగతి ఎవరూ అడగరు కదా! ఇక్కడ నేను న్యూనిజ్ వైపే.

రాయచూరు_వాసి:
మాది రాయచూరే. మా ఊరి గురించి ఇంత చర్చ జరుగుతుంటే రాయకుండా ఉండలేకపోయాను. ఫెరిష్టా చెప్పిన తెప్పల కథ నాకూ మింగుడుపడదు, మే నెలలో కృష్ణలో ఎన్నిచోట్ల బండలు తేలి ఉంటాయో ఇక్కడివాళ్ళకి తెలుసు. రేవు చూసుకుని నడిచి దాటాడంటే నమ్ముతాను.

లోపలి కోట గోడ కట్టించింది 1294లో, కాకతీయ ప్రతాపరుద్రుడి కాలంలో, గోన వంశం వాళ్ళు. పడమటి గోడలో 41 అడుగుల పొడవున్న ఒకే ఒక్క రాయి ఉంది, దాని మీద తెలుగు శాసనం. దాని పక్కనే ఆ రాయిని ఎలా తెచ్చారో బొమ్మ చెక్కారు: గట్టి చక్రాల బండి మీద పొడుగాటి రాయి, ముందు వరుసగా దున్నపోతులు, వాటిని అదిలించే మనుషులు, వెనక చక్రాల కింద దుడ్డుకర్రలు పెట్టి తోస్తున్నవాళ్ళు. రాయలవారి మనుషులు గునపాలతో తవ్వింది బయటి గోడ, అది తర్వాత బహమనీల కాలంలో కట్టింది. ఇక్కడికి వచ్చే యూట్యూబు వాళ్ళు గేటు ముందు నిలబడి నాలుగు మాటలు చెప్పి వెళ్ళిపోతారు, ఈ రాయి దగ్గరికి రానే రారు. కడుపు రగిలిపోతుంది.

డాలస్_తెలుగు:
తేదీ మే 19, 1520 అని కొన్నిచోట్ల, 1522 అని కొన్నిచోట్ల ఉంది. ఏది కరెక్ట్?

చరిత్ర_టీచర్:
న్యూనిజ్ రాసింది 1522 మే, శనివారం, కొత్త చంద్రుడి రోజు అని. 1900లో చరిత్రకారుడు రాబర్ట్ సీవెల్ దాన్ని లెక్క వేసి చూశాడు. 1522 మేలో అమావాస్య 25, ఆదివారం పడింది, పొసగదు. 1520లో అమావాస్య మే 17 గురువారం, నెలవంక కనబడే రోజు 19 శనివారం. అప్పటి పోర్చుగీసు గవర్నరు ఎవరు, ఎక్కడున్నాడు అన్నది కూడా 1520కే కుదిరింది. అంటే పానిపట్టుకి ఆరేళ్ళ ముందు.

ఫిరంగి_1565:
ఆ ఆరేళ్ళ దగ్గరే నా బాధంతా. 1526లో బాబరు పానిపట్టులో ఫిరంగులతో గెలిచాడు కాబట్టి అందరికీ అది గుర్తు. ఇక్కడ అంతకుముందే అంత పెద్ద ఫిరంగి దళం మైదానంలోకి వచ్చింది, కానీ ఓడింది. ఓడినవాడు ఆలోచించాడు, ఎక్కడ పెట్టాలి, ఎలా త్వరగా నింపాలి, ముందు ఏం అడ్డం పెట్టాలి అని. గెలిచినవాళ్ళకి గుర్రాలు చాలు అనిపించింది. దొరికిన 400 ఫిరంగుల్ని పట్టుకుని కొత్త సైన్యం తయారుచేసే పని జరిగినట్టు కనబడదు. 1565లో తళ్ళికోట దగ్గర సుల్తానుల ఫిరంగి దళపతి రూమీ ఖాన్ 600 ఫిరంగుల్ని మూడు వరుసలు పెట్టి, దగ్గరికొచ్చాక గుండ్లకి బదులు రాగి నాణేలు కూరి పేల్చాడు. నలభై అయిదేళ్ళలో అవతలివాళ్ళు ఎంత నేర్చుకున్నారో చూడండి.

తుంగభద్ర_గట్టు:
అన్నా, అంత సూటిగా గీత గీయలేం. 1565లో విజయనగరాన్ని నడిపిస్తున్న రామరాయల దగ్గరా చాలా ఫిరంగులున్నాయి. ఓటమికి సుల్తానులు ఏకం కావడం, ముసలి వయసులో రామరాయలు పట్టుబడడం కూడా కారణాలే. నన్నడిగితే రాయచూరు తర్వాత చేసిన అసలు తప్పు తుపాకీ దగ్గర కాదు, మర్యాద దగ్గర. ఆదిల్ షా రాయబారిని పంపి పోయినవి తిరిగి ఇమ్మంటే, వచ్చి నా కాలు ముద్దుపెట్టుకుంటే ఇస్తానన్నారు రాయలవారు. సరిహద్దులో ముద్గల్ దగ్గర కలుద్దామనుకున్నారు, ఆదిల్ షా రాలేదు, వీళ్ళు వెతుక్కుంటూ బీజాపూరు దాకా వెళ్ళారు, ఊరు పాడైంది. రాయచూరు జనాన్ని దోచుకోవద్దని కట్టడి చేసిన మనిషే ఇలా అవమానించాలనుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నాణేల_సంచి:
పైగా కోట నిలిచింది పదేళ్ళే. 1529లో రాయలవారు పోయారు, ఆ వెంటనే ఇస్మాయిల్ వచ్చి రాయచూరు, ముద్గల్ రెండూ తీసుకున్నాడు. ఒట్టు తీరింది కాబట్టి అప్పుడు మళ్ళీ మద్యం తాగాడని ఫెరిష్టా.

కడప_పాఠకుడు:
చాలా థాంక్స్ అందరికీ. వచ్చే సెలవుల్లో పిల్లల్ని తీసుకుని రాయచూరు రావాలనుకుంటున్నాను. న్యూనిజ్ చెప్పిన రాయలవారి మొదటి శిబిరం మలియాబాద్ ఇప్పటికీ ఉందా? వాసి గారూ, ఒక్క రోజు సరిపోతుందా?

రాయచూరు_వాసి:
ఉందండి, ఊరికి దక్షిణంగా కొద్ది మైళ్ళే. కోట చాలావరకు కూలిపోయింది, లోపల పాడుబడ్డ గుడి, ఒక్కొక్క రాయిలో చెక్కిన నిలువెత్తు ఏనుగులు రెండు ఉన్నాయి. ఒక్క రోజు చాలు. పొద్దున్నే ముందు మలియాబాద్ చూసుకోండి, ఎండ ముదిరితే అక్కడ నీడ ఉండదు. మధ్యాహ్నం భోజనం చేసి రాయచూరు కోటకి రండి, పొడుగు రాయి బస్టాండ్‌కి దగ్గర్లోనే. మే నెలలో మాత్రం పిల్లలతో రాకండి, డిసెంబరు, జనవరి బాగుంటుంది.